ఎంటర్ నొక్కాక మిగిలేది

సి ల్యాబులో ఎర్రర్ వస్తే విద్యార్థి పెద్దగా భయపడడు. ఫలానా లైనులో సెమికోలన్ లేదని కంపైలర్ చెబుతుంది, పెట్టేస్తే సరిపోతుంది. మనిషిని కుంగదీసేది ఎర్రర్ రాని తప్పు. కంపైల్ చేస్తే సున్నా ఎర్రర్లు, సున్నా వార్నింగులు. రన్ చేస్తే మొదటి ప్రశ్న అడుగుతుంది, జవాబు తీసుకుంటుంది. రెండోదీ అంతే. మూడో ప్రశ్న తెర మీద పడుతుంది, వేలు కీబోర్డు మీదికి పోయేలోపే ప్రోగ్రాం ముగిసిపోతుంది. "సార్, దానికదే దాటుకోని పోతాంది" అంటారు మన పిల్లలు.

చిలమత్తూరు, లేపాక్షి, గోరంట్ల వైపు నుంచి హిందూపురానికో, అనంతపురానికో, సరిహద్దు దాటి బెంగళూరుకో చదువుకు వెళ్లే పిల్లల్లో కంప్యూటర్‌ను మొదటిసారి కాలేజీలోనే తాకేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంతకుముందు తెలుగు మీడియంలో చదివినవాళ్లూ ఉన్నారు. తప్పు ఎక్కడుందో తెర మీద ఒక్క ముక్క కూడా కనపడనప్పుడు, వీళ్లు తప్పును తమలోనే వెతుక్కుంటారు. నా ఇంగ్లీషు చాలదేమో, నాకు లాజిక్ రాదేమో, ఈ బ్రాంచి నాకు సరిపడదేమో అనుకుంటారు. అలా అనుకున్న రోజే చదువు దెబ్బతింటుంది. అందుకే వ్యక్తిత్వ వికాసం గురించిన పుస్తకంలో ఈ చిన్న సాంకేతిక విషయానికి ఒక అధ్యాయమంతా ఇస్తున్నాను. ఈ తప్పు పట్టుకోవడానికి తెలివితేటలతో పని లేదు, ఇంగ్లీషుతో అసలే లేదు. మీరు నొక్కిన ప్రతి కీ ఎటు పోయిందో లెక్క చెప్పగలిగితే చాలు.

సి భాషలోని మాటల్ని ఇక్కడ మనం ల్యాబులో పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను. ప్రోగ్రాంలో వాటిని మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయండి.

మన ప్రాంతపు లెక్కే తీసుకుందాం. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. చుట్టుపక్కల మల్బరీ వేసిన రైతులు గూళ్లు అక్కడికి తెస్తారు, లాట్ల వారీగా వేలం జరుగుతుంది. మీ నాన్న తెచ్చిన లాట్లకు ఎంత వచ్చిందో లెక్కేసే ప్రోగ్రాం రాశారనుకోండి. ప్రతి లాటుకూ మూడు ప్రశ్నలు: బరువు ఎన్ని కిలోలు, కిలో ధర ఎంత, ఇంకో లాటు ఉందా. మూడోదానికి జవాబు ఒక్క అక్షరం, వై లేదా ఎన్. మొదటి రెండింటికీ స్కాన్‌ఎఫ్‌లో %డి, మూడోదానికి %సి పెట్టారు. ఎన్ అన్నదాకా లూపు తిరగాలి.

బరువు అడిగింది. 48 కొట్టి ఎంటర్ నొక్కారు. మీరు ఎన్ని కీలు నొక్కారు? రెండు అంటారు చాలామంది. మూడు నొక్కారు. నాలుగు, ఎనిమిది, ఎంటర్. ఈ మూడోదాన్ని లెక్కలో వేయకపోవడమే మొత్తం గొడవకు మూలం. మనకు ఎంటర్ అంటే "అయిపోయింది, తీసుకో" అని చెప్పడం. ప్రోగ్రాముకు మాత్రం అది కూడా ఒక అక్షరమే. కొత్తలైను గుర్తు అని దాని పేరు, ఆస్కీ పట్టికలో దాని సంఖ్య 10. నాలుగు అంకెకు 52, ఎనిమిదికి 56, ఎంటర్‌కు 10. మూడూ వరసగా వచ్చి బఫర్‌లో, అంటే ప్రోగ్రాం చదివేదాకా అక్షరాలు ఆగి ఉండే చోట, నిలబడతాయి.

ఇప్పుడు %డి ఏం చేస్తుందో చూడండి. దానికి కావలసింది పూర్ణసంఖ్య. నాలుగును తీసుకుంది, ఎనిమిదిని తీసుకుంది, తర్వాత కొత్తలైను గుర్తు కనపడింది. అది అంకె కాదు కనుక అక్కడితో ఆగిపోయింది. ఆ గుర్తును పారేయలేదు, ఉన్నచోటే వదిలేసింది. 48 మీ వేరియబుల్‌లోకి వెళ్లింది, కొత్తలైను గుర్తు బఫర్‌లో మిగిలింది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడ్డవాళ్లలో హిందూపురం వెళ్లేవాళ్లు తమ బస్సెక్కి వెళ్లిపోతే మిగిలినవాళ్లు ఆ వరసలోనే ఉంటారు. తర్వాత వచ్చే బస్సుకు ముందుగా ఎదురయ్యేది వాళ్లే.

రెండో ప్రశ్న ధర. 450 కొట్టి ఎంటర్ నొక్కారు. బఫర్‌లో ముందు పాత కొత్తలైను గుర్తు, దాని వెనక 450, దాని వెనక మళ్లీ కొత్తలైను గుర్తు. %డికి ఒక అలవాటుంది. సంఖ్య మొదలయ్యే ముందు ఖాళీలు, ట్యాబులు, కొత్తలైను గుర్తులు ఎన్ని ఉన్నా చదివి పారేసి ముందుకు వెళుతుంది. అందుకని పాత ఎంటర్ మాయమైంది, 450 వచ్చింది, కొత్త ఎంటర్ మిగిలింది. మీకు ఏ తేడా కనపడలేదు. తప్పు మొదటి ప్రశ్నలోనే పుట్టింది, రెండో ప్రశ్న దాన్ని దాచిపెట్టింది.

మూడోది %సి. దీనికి ఆ అలవాటు లేదు. ముందున్నది ఏదైనా సరే, ఒక్క అక్షరం తీసుకుంటుంది, ఖాళీ అయినా, ఎంటర్ అయినా. బఫర్‌లో ముందున్నది 450 తర్వాత మీరు నొక్కిన ఎంటర్. దాన్నే మీ జవాబుగా తీసుకుంది. వై వస్తేనే తిరిగే లూపు రాసుంటే ఇక్కడే ఆగిపోతుంది. ఎన్ వచ్చేదాకా తిరిగే లూపయితే మీ కోసం ఆగకుండానే మళ్లీ బరువు దగ్గరికి పోతుంది. రెండు సందర్భాల్లోనూ ప్రశ్న దాటేయలేదు. ప్రశ్న వేసింది, జవాబు కూడా తీసుకుంది. ఆ జవాబు మీరు ఇచ్చిందే, కాకపోతే ముందు ప్రశ్న సమయంలో.

నమ్మకం కుదరకపోతే రుజువు చేసుకోవచ్చు. %సితో తీసుకున్న ఆ అక్షరాన్ని వెంటనే ప్రింట్‌ఎఫ్‌లో %డి పెట్టి ముద్రించండి. తెర మీద 10 అని వస్తుంది. వై అయితే 121 రావాలి, ఖాళీ అయితే 32. ల్యాబులో ఈ ఒక్క లైను పెట్టించినప్పుడు పిల్లల ముఖాలు మారిపోవడం చూస్తుంటాను. అప్పటిదాకా దయ్యంలా అనిపించిన సంగతికి ఒక సంఖ్య దొరుకుతుంది. ఇకపై ఏ ప్రోగ్రాం వింతగా ప్రవర్తించినా ముందు చేయవలసింది ఇదే. ఊహించకండి, లోపలున్నదాన్ని ముద్రించి చూడండి.

మరో చిన్న ప్రయోగం. బరువు అడిగినప్పుడు 48 దగ్గర ఆగకుండా ఒకే వరసలో 48, ఖాళీ, 450, దానికి అతికించి వై కొట్టి ఒక్కసారి ఎంటర్ నొక్కండి. మూడు ప్రశ్నలూ ఒకదాని వెనక ఒకటి గబగబా తెర మీద పడతాయి, మూడింటికీ జవాబులు అప్పటికే అందిపోయి ఉంటాయి. దీంతో అర్థమయ్యేదేమిటంటే, మీ ప్రశ్నకూ మీ జవాబుకూ మధ్య సి భాష దృష్టిలో ఏ ముడీ లేదు. ప్రింట్‌ఎఫ్ తన పాటికి తెర మీద రాస్తుంది, స్కాన్‌ఎఫ్ తన పాటికి వరసలోంచి తీసుకుంటుంది. ఆ రెండూ జతగా జరుగుతున్నట్టు మనం అనుకుంటాం, అంతే.

ఎందుకిలా కట్టారు అని అడిగే పిల్లలంటే నాకు ఇష్టం. దానికి జవాబు చరిత్రలో ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ చేతిలో సి భాష రూపు కట్టింది 1972 ప్రాంతంలో. సి పుట్టిన రోజుల్లో కంప్యూటర్‌తో మాట్లాడటానికి వాడింది టెలిటైపు యంత్రాలు, అంటే కాగితం మీద కొడుతూ పోయే టైపు మిషన్ల వంటివి. యునిక్స్‌లో ఒక నిర్ణయం తీసుకున్నారు. ప్రోగ్రాముకు అక్షరాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియనక్కర్లేదు, కీబోర్డు కావచ్చు, ఫైలు కావచ్చు, ఇంకో ప్రోగ్రాం వెలువరించినది కావచ్చు, అన్నీ ఒకే ప్రవాహం. ఫైలులోంచి చదువుతున్నప్పుడు అక్కర్లేని అక్షరాన్ని పారేస్తే తర్వాత చదవాల్సినది పోతుంది. అందుకే తను వాడని అక్షరాన్ని స్కాన్‌ఎఫ్ ఉన్నచోటే, ఉన్న వరసలోనే ఉంచుతుంది. మిగిలిపోవడం లోపం కాదు, మీరు ఇచ్చినదాంట్లో ఒక్కటీ పోగొట్టకూడదన్న జాగ్రత్త.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎంటర్ నొక్కేదాకా మీ అక్షరాలు ప్రోగ్రాముకు చేరవు. లైను మొత్తాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గర పట్టి ఉంచుతుంది. బ్యాక్‌స్పేస్ పనిచేసేది అందుకే. ఎంటర్ నొక్కగానే లైనంతా, ఎంటర్‌తో సహా, ఒక్కసారి అందుతుంది. కాబట్టి వై కొట్టి ఎదురుచూస్తే ఏమీ జరగదు, ఎంటర్ నొక్కాల్సిందే. టర్బో సిలో గెట్‌సీహెచ్ వాడినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, ఎందుకంటే అది ఎంటర్ కోసం ఆగదు. అది ఆ కంపైలర్ వెంట వచ్చిన సౌకర్యం, సి ప్రమాణంలో లేదు.

ఇక మందుల సంగతి. ల్యాబుల్లో ఒక మందు చేతులు మారుతూ ఉంటుంది: ఎస్‌టీడీఇన్ (కీబోర్డు నుంచి వచ్చే ప్రవాహం) మీద ఎఫ్‌ఫ్లష్. స్కాన్‌ఎఫ్ తర్వాత ఆ లైను పెడితే సరిపోతుందని సీనియర్లు చెబుతారు, రికార్డు పుస్తకాల్లో అలాగే దిగుతూ వస్తుంది. దీన్ని వాడొద్దని గట్టిగా చెబుతున్నాను. ఎఫ్‌ఫ్లష్ ఉన్నది బయటికి వెళ్లవలసిన అక్షరాలను బయటికి నెట్టడానికి. లోపలికి వస్తున్న ప్రవాహం మీద దాన్ని వాడితే ఏం జరుగుతుందో సి ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. పాత విండోస్ కంపైలర్లలో అది పనిచేసేది, నిజమే. మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ స్టూడియోలోనే 2015 వెర్షన్ నుంచి దానికి ఏ ప్రభావమూ లేకుండా పోయింది. లినక్స్‌లో కీబోర్డు ఇన్‌పుట్ మీద దాన్ని నమ్ముకోలేం. కాలేజీలో పనిచేసిన ప్రోగ్రాం మీ ఫోనులోని కంపైలర్ యాప్‌లోనో, కంపెనీ పరీక్షలోనో పనిచేయకపోతే, మళ్లీ "నాకు రాదు" అన్న చోటికే వస్తారు. ఎందుకు పనిచేస్తుందో చెప్పలేని లైనును ప్రోగ్రాంలో ఉంచుకోకండి. ఇచ్చినవాళ్లను ఒక్క మాట అడగండి: ఇది ఏ అక్షరాన్ని తీసేస్తోంది? జవాబు చెప్పగలిగితే తీసుకోండి.

సరైన మందుల్లో మొదటిది చాలా చిన్నది. స్కాన్‌ఎఫ్‌లో కొటేషన్ తెరిచాక, %సికి ముందు ఒక ఖాళీ వదలండి. అంతే. ఆ ఖాళీకి అర్థం "ముందున్న ఖాళీలూ ఎంటర్లూ ఎన్ని ఉన్నా దాటి, తర్వాత అక్షరం తీసుకో" అని. మన మూడో ప్రశ్న సరిగ్గా పనిచేయడం మొదలవుతుంది. సంతోషంలో కొందరు ఈ ఖాళీని చివర కూడా పెడతారు, ప్రింట్‌ఎఫ్ అలవాటుతో %డి తర్వాత బ్యాక్‌స్లాష్ ఎన్ రాస్తారు. అలా రాస్తే సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కినా ప్రోగ్రాం కదలదు, తర్వాత ఖాళీ కాని అక్షరం ఏదైనా వచ్చేదాకా వేచి ఉంటుంది. చివర ఏమీ పెట్టకండి.

కానీ ఈ మందు ఖాళీలకూ ఎంటర్లకూ మాత్రమే. మనుషులు మనం అడిగినట్టు జవాబివ్వరు. ఇంకో లాటు ఉందా అంటే మీ నాన్న వై అనకుండా పూర్తిగా వై, ఈ, ఎస్ అని మూడక్షరాలు కొట్టారనుకోండి. వై తీసుకుంది, ఈ, ఎస్, ఎంటర్ మిగిలాయి. లూపు మళ్లీ మొదలైంది. బరువు కోసం %డి చూసింది, ముందు ఈ ఉంది, అంకె కాదు, ఏమీ తీసుకోకుండా వెనక్కి వచ్చింది. ధర దగ్గరా అదే. వేరియబుల్స్‌లో పాత 48, 450 అలాగే ఉన్నాయి. ఇంకో లాటు ఉందా అన్నచోట ఈని తీసుకుంది, అది ఎన్ కాదు కనుక మళ్లీ తిరిగింది. ఈసారి ఎస్ అడ్డుపడింది, మళ్లీ అదే 48, అదే 450. ఆ తర్వాతే మనిషి కోసం ఆగింది. 48 కిలోల ఒక్క లాటు మూడు సార్లు కలిసి 144 కిలోలైంది. రావలసిన 21,600 రూపాయలు లెక్కలో 64,800 అయ్యాయి. తెర మీద ఎర్రర్ లేదు, ప్రోగ్రాం ఆగిపోలేదు, మొత్తం మాత్రం అబద్ధం. ఆగిపోయే ప్రోగ్రాం కంటే ఇదే ఎక్కువ ప్రమాదం.

బరువు 48.5 అని కొడితే? %డి 48 తీసుకుని చుక్క దగ్గర ఆగుతుంది. ధర ప్రశ్నకు ఆ చుక్క అడ్డుపడుతుంది, మూడో ప్రశ్న చుక్కను జవాబుగా తీసుకుంటుంది, తర్వాత లాటు బరువు 5 కిలోలు అవుతుంది. అసలు గూళ్ల బరువుకు %డి వాడటమే తప్పు, అర కిలో కూడా డబ్బే. డబుల్ వేరియబుల్, %ఎల్‌ఎఫ్ వాడాలి. మనకు ఇంకో అలవాటుంది, వెయ్యి దాటితే కామా పెడతాం. 1,250 అని కొడితే స్కాన్‌ఎఫ్‌కు దక్కేది 1 మాత్రమే. 1,25,000 కొట్టినా 1 మాత్రమే. మిగతాదంతా తర్వాతి ప్రశ్నల మీద పడుతుంది.

ఈ మూడు ఉదాహరణల్లోనూ స్కాన్‌ఎఫ్ మౌనంగా లేదు, చెప్పింది. మనం వినలేదు. స్కాన్‌ఎఫ్ ప్రతిసారీ ఒక సంఖ్య తిరిగి ఇస్తుంది: ఎన్ని విలువలు నింపగలిగిందో ఆ లెక్క. ఒక సంఖ్య అడిగితే 1 రావాలి. 0 వస్తే ముందున్నది సంఖ్య కాదని. ఏమీ చదవకముందే ఇన్‌పుట్ అయిపోతే ఈవోఎఫ్ వస్తుంది. ఆ విలువను ఇఫ్‌లో పెట్టి చూడని స్కాన్‌ఎఫ్ సగం రాసిన స్కాన్‌ఎఫే. పాఠ్యపుస్తకాలు మొదటి పేజీల్లో ఈ సంగతి వదిలేయడం విద్యార్థికి చేసే అన్యాయమని నా అభిప్రాయం.

అయితే 0 వచ్చిందని తెలిశాక ఊరికే మళ్లీ అడిగితే చాలదు. పనికిరాని అక్షరం వరసలో ముందే ఉంది కదా, మళ్లీ దానికే తగులుతుంది, మళ్లీ 0 వస్తుంది, తెర నిండా ప్రశ్నలు పరుగెత్తుతాయి. కంట్రోల్ సి కొట్టి ఆపాల్సి వస్తుంది. మళ్లీ అడిగే ముందు ఆ లైనులో మిగిలినదాన్ని తీసేయాలి. దానికి రెండు లైన్ల లూపు చాలు: గెట్‌చార్‌తో ఒక్కో అక్షరం తీసుకుంటూ పోవాలి, కొత్తలైను గుర్తు గానీ ఈవోఎఫ్ గానీ వచ్చినప్పుడు ఆగాలి. దాన్ని చిన్న ఫంక్షన్‌గా రాసుకుని మీకు నచ్చిన పేరు పెట్టుకోండి.

అందులో రెండు మెలకువలున్నాయి, వైవాలో ఎక్స్‌టర్నల్స్ అడిగేవి కూడా ఇవే. గెట్‌చార్ ఇచ్చినదాన్ని చార్‌లో కాదు, ఇంట్‌లో దాచాలి. ఈవోఎఫ్ అనేది అక్షరం కాదు, రుణ సంఖ్య, సాధారణంగా -1. చార్‌లో దాస్తే కొన్ని యంత్రాల్లో ఈవోఎఫ్‌ను గుర్తుపట్టలేం, ఇంకొన్నిట్లో మామూలు బైటును ఈవోఎఫ్ అనుకుంటాం. రెండోది, ఈవోఎఫ్ సంగతి చూడకపోతే, ఇన్‌పుట్ అయిపోయినప్పుడు లూపు ఎప్పటికీ ఆగదు. లినక్స్‌లో కంట్రోల్ డి, విండోస్‌లో కంట్రోల్ జడ్ కొట్టి ఎంటర్ నొక్కి చూస్తే తెలుస్తుంది. ఇంకా ఒక హెచ్చరిక: బఫర్‌లో ఏమీ మిగలనప్పుడు ఈ ఫంక్షన్‌ను పిలిస్తే, ప్రోగ్రాం కొత్త ఎంటర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, మీకు హ్యాంగ్ అయినట్టు కనపడుతుంది. ప్రతి స్కాన్‌ఎఫ్ కిందా అలవాటుగా అతికించకండి. ఇక్కడ ఏం మిగిలి ఉంటుంది అన్న ప్రశ్నకు జవాబు తెలిసిన చోటే పెట్టండి.

ఇంతకీ నేను విద్యార్థులకు అసలు సిఫారసు చేసేది వేరే పద్ధతి. కీబోర్డు నుంచి చదివే పని, చదివినదాన్ని అర్థం చేసుకునే పని, రెండూ విడదీయండి. మనిషి ఒక ప్రశ్నకు ఒక లైను జవాబు ఇస్తాడు. కాబట్టి ప్రోగ్రాం కూడా ఒక ప్రశ్నకు ఒక లైను మొత్తం తీసుకోవాలి. దానికి ఎఫ్‌గెట్స్ ఉంది. అరే పేరు, దాని సైజు, ఎస్‌టీడీఇన్ ఇస్తే ఎంటర్‌తో సహా లైనంతా తెచ్చి అరేలో పెడుతుంది. లైను అరేలో పట్టినంతవరకు బఫర్‌లో ఏదీ మిగలదు. తర్వాత ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో ఆ అరేలోంచి సంఖ్యను తీసుకోండి. జవాబు బాగాలేకపోతే ఆ లైనును వదిలేసి మళ్లీ అడగొచ్చు, చెత్త తర్వాతి ప్రశ్నకు పాకదు.

దీనికి తోడు ఒక చక్కని కిటుకు. ఎస్‌స్కాన్‌ఎఫ్‌లో %ఎల్‌ఎఫ్, ఒక ఖాళీ, %సి అని రాసి, సంఖ్యతో పాటు ఇంకో అక్షరం కూడా అడగండి. తిరిగి వచ్చిన విలువ సరిగ్గా 1 అయితేనే ఒప్పుకోండి. 48.5 కొడితే 1 వస్తుంది, ఎందుకంటే ఖాళీ ఎంటర్‌ను దాటేశాక ఇంకేమీ లేదు. 48.5 పక్కన కేజీ అని కొడితే 2 వస్తుంది, సంఖ్య తర్వాత ఏదో ఉందని. 1,250 కొట్టినా 2. అక్షరాలు మాత్రమే కొడితే 0. ఉత్త ఎంటర్ నొక్కితే ఈవోఎఫ్. ఒక్క లైనుతో నాలుగు రకాల జవాబులు వేరువేరుగా తెలిసిపోయాయి. ఇప్పుడు "కామా లేకుండా కొట్టండి" అని మర్యాదగా మళ్లీ అడగగలిగే ప్రోగ్రాం మీ చేతిలో ఉంది.

ఎఫ్‌గెట్స్‌లో చూసుకోవలసింది అరే సైజు. లైను పట్టకపోతే పట్టినంతే తీసుకుంటుంది, మిగిలింది మళ్లీ బఫర్‌లోనే. అరేలో కొత్తలైను గుర్తు ఉందో లేదో చూస్తే ఇది తెలిసిపోతుంది. లేకపోతే లైను తెగిందని అర్థం, అప్పుడు పైన చెప్పిన గెట్‌చార్ లూపుకు పని పడుతుంది. తెలుగులో టైపు చేసేవాళ్లకు ఈ సంగతి ఇంకా ముఖ్యం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు. "చిలమత్తూరు" అన్న మాటలో చ, గుడి, ల, మ, త, పొల్లు, త, దీర్ఘపు కొమ్ము, ర, కొమ్ము కలిపి పది గుర్తులున్నాయి, అంటే ముప్పై బైట్లు. ఎంటర్‌కు ఒకటి, చివరి సున్నాకు ఒకటి కలిపితే 32. మీరు ఊరిపేరుకు 20 సైజు అరే పెడితే ఎఫ్‌గెట్స్ 19 బైట్లు తీసుకుంటుంది. తెర మీద "చిలమత్" అని, పక్కన ఒక విరిగిన గుర్తు కనపడుతుంది. మిగిలిన 11 బైట్లూ ఎంటరూ తర్వాతి ప్రశ్నకు జవాబుగా పోతాయి. %సితో ఒక తెలుగు అక్షరం తీసుకోబోయినా అంతే, మూడింటిలో ఒక బైటు వస్తుంది, రెండు మిగులుతాయి. తెలుగులో ప్రోగ్రాం మాట్లాడాలన్న ఆశ మంచిదే, నేనూ కోరుకుంటాను. అరేలు మాత్రం పెద్దవి పెట్టుకోండి, 256 పెడితే పోయేదేమీ లేదు.

పేర్లకు %ఎస్ వాడకండి. ఖాళీ కనపడగానే ఆగిపోతుంది, ఇంటిపేరు తీసుకుని అసలు పేరును బఫర్‌లో వదిలేస్తుంది. పైగా హద్దు చెప్పకపోతే అరే దాటి రాసేస్తుంది. గెట్స్ అయితే మరీ ఘోరం, దానికి హద్దు చెప్పే వీలే లేదు. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్‌లోకి వదిలిన మోరిస్ వర్మ్ వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి యునిక్స్ ఫింగర్ ప్రోగ్రాంలోని గెట్స్ పిలుపు. 2011 నాటి సి ప్రమాణంలో గెట్స్‌ను పూర్తిగా తీసేశారు. మీ రికార్డులో ఇప్పటికీ ఉంటే కొట్టేసి ఎఫ్‌గెట్స్ రాయండి.

ఇప్పుడు సాధన గురించి. ల్యాబు వారంలో కొన్ని గంటలే, సిస్టమ్ దగ్గర ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉండకపోవచ్చు. ఈ విద్యకు అవేవీ అడ్డం కావు. నోటు పుస్తకంలో ఒక వరస గళ్లు గీయండి. మనిషి నొక్కిన ప్రతి కీ ఒక్కో గడిలో రాయండి, ఎంటర్‌కు కూడా ఒక గడి ఇవ్వండి. కింద ప్రోగ్రాంలోని స్కాన్‌ఎఫ్‌లు వరసగా రాసుకోండి. ఒక్కో స్కాన్‌ఎఫ్ ఏ గళ్లు తీసుకుంటుందో కొట్టేస్తూ పోండి. ఏ గడి దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది, ఏం మిగిలింది, పక్కన రాయండి. చిలమత్తూరు నుంచి హిందూపురం వెళ్లే బస్సులో ఒక ప్రోగ్రాంకు ఇలా లెక్క కట్టొచ్చు. ల్యాబుకు వెళ్లి రన్ చేసినప్పుడు మీరు కాగితం మీద చెప్పినదే తెర మీద వస్తే, అది కంఠస్థం చేసిన చదువు కాదని మీకే తెలుస్తుంది.

పక్కనున్న స్నేహితుడు ఇదే గొడవతో కూర్చుంటే కోడ్ రాసి ఇవ్వకండి. గళ్లు గీసి కీలు రాయించండి. ఎంటర్‌ను అతను మర్చిపోతాడు, మీరు చెప్పకండి, కాసేపు ఆగండి. తనంతట తను పట్టుకుంటే ఆ తప్పు మళ్లీ చేయడు, చేసినా భయపడడు. ల్యాబులో వెనక బెంచీలో మౌనంగా ఉండే అమ్మాయి గానీ అబ్బాయి గానీ ఇలా ఒక్కసారి సొంతంగా కారణం పట్టుకుంటే, తర్వాత పాయింటర్లూ ఫైళ్లూ వచ్చినప్పుడు ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. నాకు తెలిసి సి భాషలో తొలి ఆత్మవిశ్వాసం ఇక్కడే వస్తుంది.

ఒక ప్రోగ్రాం పూర్తయిందని అనుకునే ముందు దానికి ఐదు జవాబులు ఇచ్చి చూడండి: 48.5, 1,250, సంఖ్య అడిగినచోట మీ పేరు, ఒక్క అక్షరం అడిగినచోట పూర్తి మాట, చివరగా ఏమీ కొట్టకుండా ఉత్త ఎంటర్. ఐదింటికీ మీ ప్రోగ్రాం నిలబడి, మొదటిదాన్ని సరిగ్గా తీసుకుని, మిగతావాటికి తప్పు చెప్పి, మళ్లీ అడిగితేనే రికార్డులోకి ఎక్కించండి.